రంగు, వాసన, రుచి

రేపల్లె దగ్గర, మా ఊరు
ఫిబ్రవరి 10

నీరజకి,

పదో తరగతి పరీక్షల తరవాత నేను కూర్చుని రాస్తున్న మొదటి పెద్ద రాత ఇదే. ఫోను ఉండగా ఉత్తరం ఏంటని నవ్వుకుంటావు. ఫోనులో నా గొంతు నీకు సగం వినబడదు. ‘గట్టిగా చెప్పవే’ అంటావు. గట్టిగా చెబితే ఇంట్లో అందరికీ వినబడుతుంది. ఇది అందరూ వినే మాట కాదు. అదీగాక పొద్దున ఖురాను చదివే నోటితో ఈ సంగతి పలకబుద్ధి కావడం లేదు. రాతయితే రాసేసి చెయ్యి కడుక్కోవచ్చు. ఏ నీళ్ళతో కడుక్కోవాలన్నదే ఇప్పుడు గొడవ.

మా మసీదు బావి నీకు గుర్తుండే ఉంటుంది. నా పెళ్ళికి వచ్చినప్పుడు అందులో నీ రబ్బరు చెప్పు పడేసుకున్నావు. మా పెరటి గోడకి అవతలే ఉంటుంది. నమాజుకి ముందు మొహం, చేతులు, కాళ్ళు కడుక్కునే వజూ ఆ నీళ్ళతోనే. తాగడానికి ఎలాగూ డబ్బా నీళ్ళే. ఆ బావి ఉప్పన కొత్తది కాదు, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఉంది. వాసన కొత్తది. వానకి తడిసిన గోడ వాసన కాదు, నాచు వాసన కాదు. ఇది మనిషికి తెలిసిన వాసన, మనిషి పేరు పెట్టడానికి సిగ్గుపడే వాసన. మొన్న తెల్లవారుజామున పుక్కిలించబోయి అక్కడే వాంతి చేసుకున్నాను.

మా నానమ్మ చిన్నప్పుడు నీళ్ళ పాఠం చెప్పేది. నీటికి మూడు గుర్తులు: రంగు, వాసన, రుచి. అవి తన నేల వల్ల మారితే, అంటే ఉప్పు వల్లో, మట్టి వల్లో, నాచు వల్లో మారితే ఆ నీళ్ళు శుద్ధమే. మురికి కలిసి మారితే కాదు. నాకు తెలియవలసింది ఇదొక్కటే. మా బావి నేల వల్ల మారిందా, మురికి వల్లా?

మా ఆయన మసీదు కమిటీ పెద్ద కదా, ఇదంతా హనుమంతరావుగారి రొయ్యల చెరువుల పని అంటున్నారు, అర్జీ రాయిస్తున్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ దేవుడి ఇంటి నీళ్ళ గురించి అనిపించడం చాలదు. నువ్వు బాపట్లలో నీళ్ళు పరీక్ష చేసే చోట పనిచేస్తున్నావు కాబట్టి ఒక సీసా పంపుతున్నాను. రేపల్లె బండిలో తెనాలి వస్తుంది. స్టేషను పక్కన మా చెల్లెలు సల్మా కుట్టుకొట్టులో ఉంటుంది, పొద్దున బాపట్ల బండెక్కే ముందు తీసుకో.

నీ
రసూల్‌బీ

*

బాపట్ల
ఫిబ్రవరి 18

ఒసేయ్ రసూలూ,

బావి పాడవడానికి కారణం నీరజ పడేసుకున్న రబ్బరు చెప్పే అని రిపోర్టు రాయించేస్తాను, మీ ఆయన్ని అర్జీలో నా పేరు కలుపుకోమను.

నీ సీసా పరీక్ష చేశాం. కాగితం చూసి మా సార్ ‘ఏంటమ్మా, ఇవి బావి నీళ్ళా, మందుల కొట్టు నీళ్ళా’ అన్నారు. క్రిములు సున్నా. మడ్డి సున్నా. సల్ఫేటు మాత్రం అటక మీదికెక్కి కూర్చుంది. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటి బావి చూడలేదు. నిజం చెప్పు, పటిక తిప్పావు కదూ?

ఈసారి సరిగ్గా పంపు. కాచొద్దు, వడకట్టొద్దు, పటిక చూపించొద్దు. పెద్ద సీసాని ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి, అంచుదాకా నింపి మూత పెట్టు. క్రిముల పరీక్షకి నేను పంపుతున్న చిన్న సీసాలే వాడు, వాటిని అసలు తొలవొద్దు. ఐసు పెట్టిన డబ్బాలో అదే రోజు రావాలి. ఒక్క బావి సీసాతో ఏమీ తేలదు. రొయ్యల చెరువు, చెరువుకీ మసీదుకీ మధ్య పొలంలో బోరు ఏదైనా ఉంటే అది, బావి, మీ ఇంటి చేతి పంపు. ఏది ఏదో తెలిసేలా గుర్తు పెట్టు.

మీ అత్తగారు పోయినప్పుడు రాలేకపోయాను. ఆ మాట ఫోనులో అన్నానో లేదో గుర్తులేదు. ఇక్కడ రాస్తున్నాను.

నీరజ

*

మా ఊరు
ఫిబ్రవరి 24

నీరజా,

తిప్పాను. ఒప్పుకుంటున్నాను. నీ దగ్గరికి పంపే నీళ్ళు కదా! ఎవరి ఇంటికైనా మాసిన గుడ్డలో కట్టి పంపుతామా? తెల్లగుడ్డలో వడకట్టి, కాచి చల్లార్చి, బిస్మిల్లా అని ఏడుసార్లు పటిక తిప్పి, తేరిన నీళ్ళు పోశాను. సల్మా అయితే అత్తరు కూడా చల్లకపోయావా అక్కా అని నవ్వింది.

ఈసారి ఉన్నవి ఉన్నట్టే పంపుతున్నాను. ఎర్రదారం చెరువు, పచ్చదారం పొలంబోరు, నల్లదారం బావి, తెల్లదారం మా పంపు.

చెరువు దగ్గరికి నేనే వెళ్ళాను. రొయ్యల పట్టుబడి అయిపోయి నీళ్ళు వదులుతున్నారు. అడుగున నల్లటి బురద, అందులో చచ్చిన రొయ్యల గుల్లలు, పైన నురగ. ఆ బురదని తట్టలతో ఎత్తి కాలవ గట్టు మీద పోస్తున్నారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆ కంపు నాలిక మీదకొచ్చి కూర్చుంది. ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం తినలేకపోయాను.

హనుమంతరావుగారు గట్టు మీదే ఉన్నారు. ‘ఏంటమ్మా, రొయ్యలకి తీర్థం ఇవ్వడానికొచ్చావా, పుచ్చుకోడానికా?’ అన్నారు. ‘పరీక్షకండి’ అన్నాను. ‘చేయించుకో తల్లీ, నిక్షేపంగా చేయించుకో. మీ ఊరు ఊరంతా సముద్రం మీద కూర్చుని నన్ను ఉప్పోడంటే ఎలా? మీ ఆయనకి చెప్పు, గట్టు మీద చెయ్యేస్తే బాగుండదని’ అన్నారు.

మా ఆయన నిజంగానే ఆ మాట మీద ఉన్నారు. రంజాన్ పండగ వెళ్ళాక పదిమందిని వెంటేసుకుని ఆ గట్టు తెంపుతారట. ఆయన గొంతు నీకు తెలుసుగా, మసీదులో మైకు అక్కర్లేదు. ‘దేవుడి బావిలో విషం కలిపాడు’ అంటే వింటున్నవాళ్ళ కళ్ళు ఎర్రబడుతున్నాయి. నీ కాగితం త్వరగా పంపు.

నీ
రసూల్‌బీ

*

తెనాలి
మార్చి 6

రసూలూ,

రిపోర్టు పక్కన పెట్టుకుని ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఆఫీసులో రాయబుద్ధి కాలేదు.

ముందు ఉప్పు సంగతి. మీ ఊరి కింద ఉప్పు ఎవరూ పోసింది కాదు. ఒకప్పుడు సముద్రం మీ ఊరి మీదే ఉండేది. కృష్ణ మట్టి తెచ్చి పోసి పోసి దాన్ని వెనక్కి నెట్టింది. పోతూ పోతూ అది అడుగున ఉప్పు వదిలి పోయింది. మా అమ్మ ఆవకాయలో కారానికి ఉప్పెంతో, ఆవపిండెంతో లెక్క ఉండేది చూడు, సముద్రపు నీటికీ అలాంటి లెక్క ఉంది. సోడియం ఇంత, పొటాషియం ఇంత. పలచబడ్డా ఆ పాళ్ళు అంతగా మారవు. పచ్చదారం పొలంబోరు అచ్చం ఆ లెక్కే. ఉప్పన, కానీ శుభ్రం. మీ నానమ్మ పాఠంలో పాసయ్యే నీళ్ళు.

ఎర్రదారం చెరువులో ఆ ఉప్పుతో పాటు మేత కుళ్ళిన అమ్మోనియా ఉంది. హనుమంతరావుగారేం ముత్యం కాదు. తన చుట్టుపక్కల నేల పాడుచేస్తున్నాడు. కానీ చెరువుకీ మీ మసీదుకీ మధ్యనున్న పొలంబోరులో ఆ కుళ్ళు జాడ లేదు. దాని మీంచి దూకి వచ్చి బావిలో పడదు కదా.

నల్లదారం బావిలో పాళ్ళు తప్పాయి. పొటాషియం ఎక్కువ, నైట్రేటు బాగా ఎక్కువ. పొలంలో చల్లిన యూరియా, పొటాషు దిగినా ఇలా ఉండొచ్చు అనుకున్నాం. కానీ చిన్న సీసాలో పేగుల్లో బతికే క్రిములు పెరిగాయి. యూరియా బస్తాలో అవి ఉండవు. పశువుల పేగులైనా కావచ్చు, మనుషులవైనా కావచ్చు.

తెల్లదారం సీసా గురించి తరవాత రాస్తాను.

మసీదు చుట్టూ గేదెల్ని కట్టే చోటు ఉందా? మీ లెట్రిన్ ఎటు ఉంది? దాని పైపు ఎటు పోతుంది? ఊరికే అడుగుతున్నాను.

ఒక మాట గుర్తుపెట్టుకో. ఈ పరీక్ష ఏం కలిసిందో చెబుతుంది, ఎటునుంచి వచ్చిందో కొంత చెబుతుంది. ఎప్పటినుంచి కలుస్తోందో చెప్పదు.

నీరజ

*

మా ఊరు
మార్చి 13

నీరజా,

ఊరికే అడుగుతున్నావా? నువ్వు ఊరికే ఏదీ అడగవు. స్కూల్లో నా టిఫిన్ డబ్బాలో ఏముందని కూడా ఊరికే అడిగేదానివి కాదు.

గేదెలు లేవు. మా లెట్రిన్ పెరట్లో వీధి వైపు ఉంది. దానికి గుంట ఉంది, పైన సిమెంటు మూత ఉంది. రోజూ ఆ మూత మీదే బియ్యం కడిగిన గిన్నె పెట్టుకుంటాను. నువ్వు అనుకుంటున్నది ఏదో అది కాదు. రంజాన్ ఉపవాసంలో, రోజా మీద ఉండి కోపం తెచ్చుకోకూడదు. రెండుసార్లు లేచి, మళ్ళీ కూర్చుని రాస్తున్నాను.

నేనూ నీకు ఒకటి చెప్పలేదు. వజూ గురించే అడిగాను. దాని వెనక ఇంకొకటి ఉంది.

మా ఊళ్ళో ముస్లిం ఆడవాళ్ళు ఎవరు పోయినా స్నానం నేనే చేయిస్తాను. పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. దానికి కూలి లేదు, తీసుకోకూడదు. మొదట రేగాకు వేసి కాచిన నీళ్ళు, చివర కర్పూరం కలిపిన నీళ్ళు. మెల్లగా, బతికున్న మనిషికి నొప్పి తగులుతుందేమో అన్నట్టు పోయాలి. ఆ నీళ్ళు మసీదు బావివే. అదొక గౌరవం అనుకుంటాం.

జనవరి ఇరవయ్యో తారీఖున మా అత్తమ్మకి నేనే చేశాను. మా ఆయన గోడ అవతల నిలబడి స్వయంగా తోడి బిందెలు అందించారు. రేగాకు, కర్పూరం వాసనలో నాకేమీ తెలియలేదు. అంతా అయ్యాక చేతులు కడుక్కోడానికి కర్పూరం కలపని బిందెలో చెయ్యి పెట్టాను. అప్పుడు తగిలింది. అప్పటికే అత్తమ్మకి కఫను గుడ్డ చుట్టేశారు. నేను నోరు విప్పలేదు. ఏమని విప్పను? అందరూ ఏడుస్తుంటే నీళ్ళు కంపు కొడుతున్నాయనా?

ఇరవై తొమ్మిదేళ్ళు ఆవిడ చేతి కింద బతికాను. ఒక్క చెడ్డ మాట లేదు. నేను ఆమెని ఏ నీళ్ళతో కడిగి పంపానో నాకు తెలియాలి. ఉప్పయితే నిద్రపోతాను.

తెల్లదారం సంగతి ఇప్పుడే రాయి. తరవాత వద్దు.

రసూల్‌బీ

*

తెనాలి
మార్చి 17

రసూలూ,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. నల్లదారం బావిలో ఉన్న మురికి ఒక వంతు అనుకుంటే, తెల్లదారం మీ ఇంటి పంపులో నాలుగు వంతులు ఉంది. పొలం దగ్గర లేనిది బావిలో ఉంది, బావి కన్నా మీ పెరట్లో ఎక్కువ ఉంది. అది బావి నుంచి మీ ఇంటికి రావడం లేదు. మీ ఇంటి నుంచి బావికి పోతోంది.

ఆ పంపు నీళ్ళతో అంట్లు తోముతున్నావా? మానెయ్ వెంటనే.

నాకు ఇది పదిహేను రోజుల క్రితమే తెలుసు. రాయలేకపోయాను. మీ అత్తగారి స్నానం సంగతి తెలిసుంటే ఇంకా రాసేదాన్ని కాదేమో.

గుంట కట్టిన మేస్త్రీ ఎవరో వాడిని అడుగు. మీ ఆయన్ని తరవాత అడుగు.

నీరజ

*

మా ఊరు
ఏప్రిల్ 5

నీరజా,

పండగ అయింది. సేమ్యా నేను ముట్టలేదు. గిన్నెలన్నీ డబ్బా నీళ్ళతో మళ్ళీ కడిగాను. అయినా ఏ గిన్నె చూసినా దాని అడుగు మరుగుదొడ్డి నేలలాగే కనిపిస్తోంది. మా ఆయన ‘ఏంటిది, పెళ్ళికూతురిలా బెట్టు చేస్తున్నావు’ అన్నారు.

లెట్రిన్ కట్టింది రాజారత్నం మేస్త్రీ. చర్చి వీధిలో ఉంటాడు. వెళ్ళి అడిగాను.

‘గుంట ఎక్కడిదమ్మా? అది పూడ్చేశాంగా’ అన్నాడు. ‘మూత ఉందిగా’ అన్నాను. ‘మూతే ఉంది. తుఫాను వచ్చిన డిసెంబరులో గుంట పొంగి మీ పెరడంతా తేలింది చూడండి, అప్పుడు మీరు తెనాలిలో మీ చెల్లెలి కాన్పు దగ్గర ఉన్నారు. మీ అత్తగారు తుంటి విరిగి అప్పుడప్పుడే లేస్తున్నారు, ఆ మురికిలో జారబోయారు. మీ ఆయన బాషాగారు పెరట్లో ఆ ఉప్పుబారిన పాత బోరు చూపించి పైపు ఇందులోకి దింపెయ్ అన్నారు. వద్దండీ అన్నాను. అయినా దింపింది నేనే లెండి’ అన్నాడు. కళ్ళు దించుకుని, చేతిలో ఉన్న తాపీని గీక్కుంటూ నిలబడ్డాడు.

అంటే ఏడాది పైగా. ఏడాది పైగా మా ఇంట్లోవాళ్ళం కూర్చున్నదంతా తిన్నగా నీళ్ళలోకే దిగింది.

ఇంటికొచ్చి, అన్నం పెట్టి, అడిగాను.

‘ఏమండీ, మన లెట్రిన్ పైపు ఎటు పోయింది?’

‘కిందికి.’

‘కింద ఎక్కడికండీ?’

‘భూమిలోకి. ఆకాశంలోకి పోతుందా? అన్నం దగ్గర ఏం మాటలివి?’

‘రాజారత్నం పాత బోరులోకి అంటున్నాడు.’

‘వాడికి నేను ఇవ్వాల్సిన పని వేరేవాడికి ఇచ్చానని కక్ష. నువ్వు ఇలా వీధులెంట తిరగడం ఎప్పటినుంచి?’

గోంగూర కలుపుకుని శుభ్రంగా తిన్నారు. ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఆ చేతులే కదా ఆరోజు బిందెలు అందించాయి.

గట్టు తెంపడానికి వచ్చే శుక్రవారం తరవాతి శుక్రవారం, నమాజు అవగానే అని ఖాయం చేశారు. నీ కాగితం చూపిస్తే బాపట్లవాళ్ళకి హనుమంతరావు రొయ్యలు తినిపించాడంటారు. కంటికి కనిపించేది ఏదైనా ఉందా?

రసూల్‌బీ

*

బాపట్ల
ఏప్రిల్ 11

రసూలూ,

ఉంది. ఈ పొట్లంలో ఉన్నది రంగుపొడి. పొడిగా ఉన్నప్పుడు ఇటుక రంగులో ఉంటుంది, నీళ్ళలో పడితే పచ్చగా మెరుస్తుంది. దానివల్ల హాని లేదు. నీళ్ళు ఎటునుంచి ఎటు పోతున్నాయో చూడటానికే వాడతారు. బుధవారం లెట్రిన్‌లో వేసి రెండు బక్కెట్లు కుమ్మరించు. పాత బోరుకీ బావికీ పన్నెండడుగుల దూరం అని ఫోనులో అన్నావు, ఇసుక నేల, రెండు మూడు రోజుల్లో బావిలో తేలొచ్చు. ఎండలో గ్లాసులో పట్టుకుని చూస్తే లేతగా తెలుస్తుంది.

అరచెంచా చాలు. మళ్ళీ చెబుతున్నా, అరచెంచా.

కనిపించగానే ముందు నమాజు చేయించే మీ హజరత్‌ని పిలిచి చూపించు, ఆ కుర్రాయన మంచివాడన్నావుగా. నువ్వొక్కదానివే నెత్తిన వేసుకోకు.

నీరజ

*

మా ఊరు
ఏప్రిల్ 19

నీరజా,

నిన్న శుక్రవారం జరిగింది రాస్తున్నాను.

పొట్లం మొత్తం వేశాను. అరచెంచాకి ఏం తెలుస్తుంది, గోరింటాకైనా చారెడు పెడితేనే పండుతుంది అనుకున్నాను. బుధవారం వేశాను, గురువారం ఏమీ లేదు. శుక్రవారం నమాజుకి జనం తోడటం మొదలుపెట్టేసరికి బావి పచ్చగా అయిపోయింది. లేత పచ్చ కాదు, ఎండ పడితే చిలక రెక్కలా మెరుస్తోంది.

నేను హజరత్ కోసం పెరటి తలుపు తీసేలోపే అరుపులు వినబడ్డాయి. జాన్ సైదా తాత బావి చప్టా మీద మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ‘పచ్చరంగు! మన నీళ్ళకి బరకత్తు దిగింది! కష్టం చూసి అల్లా చూపించాడు’ అంటున్నాడు. హజరత్ వాసిం ‘ఆగండి, ఎవరూ తాగకండి, ముందు ఏంటో చూద్దాం’ అని అరుస్తూనే ఉన్నాడు పాపం. వినేవాడెవడు? సీసాలు వచ్చాయి, బిందెలు వచ్చాయి. ఎదురింటి వెంకటరత్నమ్మగారు ‘ఏ దేవుడిదైతే ఏంటి, మహిమ మహిమే’ అని రాగిచెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కొందరు కళ్ళకి అద్దుకుంటున్నారు. ఒకాయన గుటగుటా తాగి, గడ్డం మీంచి కారుతున్నది చేత్తో తుడుచుకుని మొహానికి రాసుకున్నాడు.

మా ఆయన జనం మధ్యలో ఉన్నారు. ఆయన తాగలేదు. చూస్తూ నిలబడ్డారు. నీళ్ళ వంక కాదు, మా పెరటి గోడ వంక. ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. అయినా నోరు తెరవలేదు. మైకు అక్కర్లేని ఆ నోరు.

అప్పుడు సుల్తానా నా పక్కనుంచే వెళ్ళింది. పోయిన ఏడాది వాళ్ళమ్మకి నేనే స్నానం చేయించాను. చంకలో పది నెలల పిల్ల. వేలు ఆ నీళ్ళలో ముంచి పిల్ల పెదాల దగ్గరికి తీసుకెళ్ళింది.

నేను ఆ చెయ్యి మీద కొట్టాను. నా జన్మలో ఎవరినీ కొట్టలేదు. ‘తాగొద్దు. అది మా లెట్రిన్ నీళ్ళు’ అన్నాను. మామూలుగానే అన్నాను, ఎవరికీ వినబడలేదు. బావి చప్టా ఎక్కాను. మగవాళ్ళ మధ్యకి అలా ఎప్పుడూ వెళ్ళలేదు. ‘మా లెట్రిన్ పైపు ఈ పక్క పాత బోరులోకి దింపాం. రంగు అందులో నేనే వేశాను. ఇది మహిమ కాదు, మా ఇంటి మలం’ అన్నాను. ఆ మాట, నేను రాయడానికే సిగ్గుపడ్డ మాట, మసీదు ముంగిట్లో గొంతు చించుకుని అన్నాను.

చెంబులు కిందపడిన చప్పుడు ఒకటే. తాగినాయన గోడవారకి పరుగెత్తాడు. వెంకటరత్నమ్మగారు చెంబు కాలితో తన్ని ‘ఛీ, నీ మొహం మండా, ముందే ఏడవొద్దటే?’ అన్నారు. గట్టు తెంపుతారేమోనని నలుగురు పాలేర్లతో రోడ్డు మీద కాపు కాస్తున్న హనుమంతరావుగారు లోపలికి తొంగిచూసి, ‘ఏవండీ బాషాగారూ, పలుగులు తెచ్చారుగా, ఎవరి గట్టు తెంపుదాం?’ అన్నారు. ఆ నవ్వు కూడా చెరువు బురదలాగే ఉంది.

ఎవరో అడిగారు, ‘ఎప్పటినుంచమ్మా?’ అని.

సుల్తానా నా వంకే చూస్తోంది. ‘అత్తమ్మ పోయాక చుట్టాలొచ్చి గుంట నిండితే, అప్పుడు’ అన్నాను.

పైపు అదే సాయంత్రం మా ఆయనే పీకారు. ఎవరూ సాయం రాలేదు. మోచేతులదాకా ముంచుకుని పీకారు. ‘భూమి అంతా వడకడుతుంది అనుకున్నానే’ అన్నారు. ‘అమ్మ జారిపడకూడదనే చేశాను’ అన్నారు. అది నిజమే. నిజమైనా, ఆ మనిషి పక్కన కూర్చుంటే నాకు వాసన వస్తూనే ఉంది.

రసూల్‌బీ

*

బాపట్ల
ఏప్రిల్ 24

రసూలూ,

పొట్లం మొత్తమా! అది నాలుగు బావులకి సరిపోయేది. మా సార్‌కి చెబితే నవ్వాలో తిట్టాలో తెలియక టీ తెప్పించుకున్నారు.

బావి శుభ్రం చేసే పద్ధతి వేరే కాగితంలో రాశాను. తోడించండి, బ్లీచింగు వెయ్యండి, నెల తరవాత నాకు సీసా పంపండి. మురికి పోతుంది. ఉప్పు పోదు, అది మీ నేలది. తాగిన వాళ్ళెవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపు.

నీ గురించి ఎంత గొప్పగా అనిపించిందో రాయలేను. కానీ ఒకటి అడగాలి. రాజారత్నం తుఫాను డిసెంబరు అన్నాడని ఏప్రిల్ అయిదున నువ్వే రాశావు. మరి అందరి ముందు అత్తగారు పోయాక అన్నావేంటి? నా దగ్గరున్న నీ ఉత్తరాల్లో రెండు తేదీలున్నాయి.

నీరజ

*

మా ఊరు
మే 2

నీరజా,

నువ్వు పట్టుకుంటావని తెలుసు.

తుఫాను డిసెంబరు నుంచి జనవరి దాకా ఏడుగురికి స్నానం చేయించాను. అత్తమ్మ ఏడో మనిషి. సుల్తానా వాళ్ళమ్మ నాలుగో మనిషి. వాళ్ళందరి కూతుళ్ళూ కోడళ్ళూ ఇదే వీధుల్లో ఉన్నారు. నేను డిసెంబరు అని ఉంటే, ఆ క్షణంలోనే ఏడు ఇళ్ళలో ఏడుగురు తమ అమ్మని ఏ నీళ్ళతో పంపామో లెక్కపెట్టుకునేవాళ్ళు. మూడు నెలలుగా నేను పెట్టుకుంటున్న లెక్క. దానికి బ్లీచింగు లేదు. పూడ్చిన మనిషిని మళ్ళీ కడగలేం.

నీ పరీక్ష ఎప్పటినుంచో చెప్పదని నువ్వే రాశావు. ఆ మాట నాకు ఆ చప్టా మీద గుర్తొచ్చింది. అబద్ధం ఆడాను. రోజాలు, నమాజులు అన్నీ చేసే నోటితో, మసీదు ముంగిట్లో, తెలిసి ఆడాను. రాజారత్నంకి చెప్పాను, తలూపాడు. మా ఆయన విన్నారు. ఆ రోజు నుంచి మసీదులో ముందు వరసలో నిలబడటం లేదు, చెప్పుల దగ్గర నిలబడుతున్నారు. అన్నం పెడుతున్నాను. గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకోలేకపోతున్నాను, కింద పెట్టమంటున్నాను. ఇది ఎప్పటికైనా పోతుందో లేదో తెలియదు.

హజరత్‌ని అడిగాను, ఎవరి పేరూ చెప్పకుండా. నీళ్ళు చెడిపోయాయని తెలియక ఒకావిడ స్నానం చేయిస్తే ఏంటి అని. ‘తెలియక చేసినదానికి లెక్క లేదమ్మా, ఆ స్నానం చెల్లింది’ అన్నాడు. ఆరుగురికి ఆ మాట సరిపోయింది. ఏడో మనిషి దగ్గర ఆ బిందెలో చెయ్యి పెట్టి, తెలిసి, నోరు మూసుకున్నాను. అది హజరత్‌ని అడగలేదు.

మొన్న రేవువైపు ఒక ముసలమ్మ పోతే మళ్ళీ నన్నే పిలిచారు. మానేద్దామనుకున్నాను. వెళ్ళాను. ట్యాంకరు నీళ్ళు తెప్పించాను. రేగాకు వెయ్యక ముందే, కర్పూరం కలపక ముందే ప్రతి బిందెలోనూ చెయ్యి పెట్టి, దోసిట్లో పట్టి వాసన చూసి, నాలిక మీద వేసుకుని అప్పుడు పోశాను. మిగతా ఆడవాళ్ళు వింతగా చూశారు. ఇక ముందు అలాగే చేస్తాను.

ఈ ఉత్తరాలు చింపెయ్యమందామనుకున్నాను. వద్దు. చింపేస్తే ఆ అబద్ధపు తేదీ ఒక్కటే లోకంలో మిగిలి, అదే నిజమైపోతుంది. నిజం తేదీ ఎక్కడో ఒకచోట ఉండాలి. మా ఇంట్లో దాచలేను. నీ పెట్టెలో అడుగున పెట్టు. సుల్తానా వచ్చి అడిగినా, సల్మా అడిగినా, మీ సార్ అడిగినా చూపొద్దు. నేను ముందు పోతే ఆ రోజు నువ్వు రా. మసీదు దాకా రాలేకపోయినా, బిందెల దగ్గరికి రా. కర్పూరం కలపక ముందు వాసన చూడు. చూసి ఇంటికెళ్ళి, ఈ ఉత్తరాలు ఒకసారి చదివి, మళ్ళీ అదే పెట్టెలో పెట్టెయ్.

నీ
రసూల్‌బీ